గ్యాబీ కోసం దేశమంతా వెతికింది, మిగతావాళ్ల సంగతేంటి?

శ్రావణి_న్యూజెర్సీ:
నిన్న ఆఫీసులో లంచ్ దగ్గర గొడవైంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. గ్యాబీ పెటీటో అనే తెల్ల అమెరికన్ అమ్మాయి కనిపించడం లేదని 2021 సెప్టెంబర్ 11న ఇంట్లోవాళ్లు ఫిర్యాదు చేశారు. 19న వయోమింగ్ రాష్ట్రంలో ఒక అడవిలో శవం దొరికింది. ఆ రోజుల్లో ఏ చానల్ పెట్టినా ఆ అమ్మాయే. అదే వయోమింగ్‌లో 2011 నుంచి 2020 దాకా 710 మంది ఆదివాసీలు (నేటివ్ అమెరికన్లు) కనబడటం లేదని కేసులు నమోదయ్యాయని అక్కడి యూనివర్సిటీ నివేదిక. వాళ్లలో ఒక్కరి పేరైనా మీకు తెలుసా? ఇది జాతి వివక్ష కాదంటారా?

డల్లాస్_మామ:
కాదనే అంటాను. ఆ అమ్మాయి వ్యాన్‌లో తిరుగుతూ వీడియోలు పెట్టేది. పోలీసులు దారిలో ఆపి మాట్లాడిన వీడియో కూడా బయటికొచ్చింది. జనం సీరియల్ చూసినట్టు చూశారు. ఇంకో యూట్యూబ్ జంట తీసుకున్న వీడియోలో ఆ వ్యాన్ కనబడటం వల్లే కదా జాడ తెలిసింది. ఇందులో తోలు రంగు ఎక్కడొచ్చింది?

గోదారోడు:
నేను పకోడీలు తెచ్చుకుని కూర్చుంటా, కానివ్వండి.

నల్లమల:
ఇన్‌స్టాగ్రామ్ పుట్టకముందే వచ్చింది మామగారూ. 'మిస్సింగ్ వైట్ ఉమన్ సిండ్రోమ్', అంటే తెల్లమ్మాయి మాయమైతేనే మీడియా ఊగిపోయే జబ్బు, అనే మాటను గ్వెన్ ఐఫిల్ అనే నల్లజాతి జర్నలిస్టు 2004లోనే అంది. శ్రావణిగారు చెప్పిన నివేదికలోనే ఇంకోటి ఉంది. హత్యకు గురైన ఆదివాసీల్లో 30 శాతం మంది గురించే పేపర్లో వార్త వచ్చింది. తెల్లవాళ్లయితే 51 శాతం.

డల్లాస్_మామ:
ఆగండి. అది హత్యల లెక్క. చర్చ మిస్సింగ్ గురించి. ఆవకాయ అడిగితే మాగాయ వడ్డిస్తారేంటి?

నల్లమల:
సరే, ఆవకాయే తినండి. 30 రోజులు దాటినా దొరకనివాళ్లు ఆదివాసీల్లో 21 శాతం, తెల్లవాళ్లలో 11.

డల్లాస్_మామ:
ఆ 710లో 85 శాతం మైనర్లు. సగం మంది వారంలోపే దొరికారు. ఇంట్లో అలిగి వెళ్లిన పిల్లలకీ హెలికాప్టర్లు పంపాలా?

నల్లమల:
ఆ 'అలిగి వెళ్లారు' అని రాయడంలోనే ఉంది అసలు సంగతి. ఎవరో ఎత్తుకెళ్లారని పోలీసులు నమ్మితేనే ఆంబర్ అలర్ట్, అంటే పిల్ల కోసం చూడమని జనం అందరికీ పంపే హెచ్చరిక, ఇస్తారు. రన్‌అవే, అంటే తనే పారిపోయింది, అని రాశారంటే ఇక అంతే. నల్లజాతి పిల్లల్ని చటుక్కున ఆ ఖాతాలో వేసేస్తున్నారనే కాలిఫోర్నియా 2024 జనవరి 1 నుంచి, కనబడకుండా పోయిన 12 నుంచి 25 ఏళ్ల నల్లజాతివాళ్ల కోసం ఎబొనీ అలర్ట్ అని విడిగా పెట్టుకుంది. మన స్టేషన్లలో "ఎవడితోనో లేచిపోయుంటుంది, రెండ్రోజులు చూడండి" అనడం ఎప్పుడూ వినలేదా? తెలంగాణలో హాజీపూర్‌లో 2015లో కనబడకుండా పోయిన 11 ఏళ్ల పిల్ల ఎముకలు 2019లో బావిలో దొరికాయి. అదీ ఇంకో పిల్ల కేసు తవ్వితే.

బెజవాడ_బుల్లోడు:
హాజీపూర్‌లో రంగు గొడవ లేదు కదా, దాన్నెందుకు తెచ్చారు?

డల్లాస్_మామ:
నా సంగతి చెప్తా వినండి. మా చిన్నాన్న కొడుకు ఎంఎస్ చేస్తూ నాలుగు రోజులు కనబడలేదు. స్టేషన్లో ఇంటిపేరు స్పెల్లింగ్ రాసుకోవడానికే అరగంట. "స్టూడెంట్లు ట్రిప్పులకు పోతుంటారు" అన్నాడు ఆఫీసర్. 200 ఫ్లయర్లు ప్రింట్ తీసి, చేతులు గడ్డకట్టే చలిలో కార్ల వైపర్ల కింద నేనే పెట్టా. చివరికి ఒక హాస్పిటల్లో, పేరు తెలియని పేషెంట్‌గా దొరికాడు. ఏ టీవీ రాలేదు. మేం ఏడవలేదు, వెతుక్కున్నాం. ఎవరివాళ్లను వాళ్లు వెతుక్కోవాలి.

నల్లమల:
2021 జూన్‌లో అరిజోనా ఎడారిలో ఒక నల్లజాతి జియాలజిస్టు, 24 ఏళ్లవాడు, మాయమయ్యాడు. తండ్రి సౌత్ కరోలినా నుంచి వచ్చి, డిటెక్టివ్‌ను పెట్టుకుని, వాలంటీర్లతో ఎడారంతా గాలించాడు. ఏళ్లు గడిచినా కొడుకు దొరకలేదు. ఇంకెంత వెతకమంటారు?

శ్రావణి_న్యూజెర్సీ:
మామగారూ, ఇక దాచను. అప్పట్లో నేనూ డల్లాస్‌లోనే ఉండేదాన్ని. మీ తమ్ముడి ఫోటో మన వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగింది, నేనే ఏడు గ్రూపుల్లో పెట్టా. ఆ నెల్లోనే మా అపార్ట్‌మెంట్లో పైపోర్షన్ వాళ్ల పిల్ల, నల్లమ్మాయి, పదహారేళ్లు, కనబడకుండా పోయింది. వాళ్లమ్మ ఇచ్చిన ఫ్లయర్ గ్రూపులో పెడితే పది నిమిషాల్లో డిలీట్ అయింది. 'ఇది తెలుగువాళ్ల గ్రూప్' అని పైన ఒక నోటు. అడ్మిన్ మీరే.

గోదారోడు:
అమ్మో.

డల్లాస్_మామ:
గ్రూపుకో రూల్ ఉంటుంది. రోజుకి వంద ఫార్వర్డ్‌లు వచ్చేవి. నాకు జాతి పట్టింపు ఉంటే నా డాక్టర్ నల్లాయన ఎందుకవుతాడు?

శ్రావణి_న్యూజెర్సీ:
రూల్ కాదు. మీ తమ్ముడి గురించి ఆ ఆఫీసర్ అన్నమాట మీకు ఇప్పటికీ గుర్తుంది. ఆ పిల్ల గురించి మీరేమన్నారో గుర్తుందా? నాకు విడిగా మెసేజ్ చేశారు, "బాయ్‌ఫ్రెండ్‌తో పోయుంటుందిలే, మనకెందుకు" అని.

బెజవాడ_బుల్లోడు:
ఇంతకీ ఆ పిల్ల దొరికిందా?

శ్రావణి_న్యూజెర్సీ:
తర్వాతి వారమే మేం న్యూజెర్సీ వచ్చేశాం. వాళ్లమ్మ నంబర్ ఆ ఫ్లయర్ మీదే ఉండేది.

డల్లాస్_మామ:
ఏ అపార్ట్‌మెంట్? పేరు చెప్పండి.