ఎక్సెల్ మీద క్వెరీ రాస్తే కొన్ని ఐటెం కోడ్లు నల్ (ఖాళీ) వస్తున్నాయి, ఎవరైనా చూడండి ప్లీజ్

బాలానగర్ గోడౌన్:
పొద్దున పదింటికి కూర్చున్నా, ఇప్పుడు సాయంత్రం ఐదు. మధ్యలో రెండు చాయ్‌లు తప్ప ఏమీ తినలేదు. డీలర్లు పంపే స్టాక్ ఎక్సెల్‌ను ఎస్‌క్యూఎల్ సర్వర్ (డేటాబేస్) నుంచి ఓపెన్‌రోసెట్ అనే కమాండ్‌తో చదువుతున్నా. ప్రొవైడర్, అంటే ఫైల్‌ను చదివే డ్రైవర్, ఏస్ ఓలెడీబీ 12.0. కనెక్షన్ ఓకే, వరసల లెక్క కూడా సరిపోయింది. కానీ కోడ్ కాలమ్‌లో అక్కడక్కడ నల్. ఫైల్ తెరిస్తే కోడ్ కళ్లెదురుగా ఉంది! రేపు పొద్దున్నే రిపోర్ట్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

రెండు ముక్కలు:
కనెక్షన్ వివరాల్లో ఐమెక్స్=1 పెట్టండి, కలగలుపు కాలమ్‌ను టెక్స్ట్‌గా చదువుతుంది.

పాత డీబీఏ:
అది సరే. ముందు ఒకటి అడుగుతాను. ఓపెన్‌రోసెట్ నడుస్తోందంటే సర్వర్‌లో 'యాడ్ హాక్ డిస్ట్రిబ్యూటెడ్ క్వెరీస్' అనే సెట్టింగ్, అంటే క్వెరీలోంచే బయటి డేటా చదవనిచ్చేది, ఎవరో ఆన్ చేశారన్నమాట. మైక్రోసాఫ్ట్ దాన్ని ఆఫ్‌లో ఇచ్చేది ఊరికే కాదు. అసలు సర్వర్‌లో దాన్ని ఆన్ చేసి వదిలేస్తే ఇంటి తాళంచెవి తులసికోటలో పెట్టి ఊరెళ్లినట్టే. అయినా ఎక్సెల్‌ను టేబుల్ అనుకోవడమే తప్పు. ఒకే కాలమ్‌లో తేదీ, అంకె, 'రేపు వస్తుంది' అన్నీ పట్టే చోటు అది.

బాలానగర్ గోడౌన్:
సార్, సర్వర్ ఆఫీసుది, ఆన్ చేసింది నేను కాదు. నా బాధ నల్ గురించి. ఐమెక్స్=1 పెట్టా, ఏమీ మారలేదు.

రెండు ముక్కలు:
మొదటి 8 వరసల్లో ఏముంది?

బాలానగర్ గోడౌన్:
మామూలు కోడ్లే. 1001, 1002 అలా. బాగా కిందికి వెళ్తే 1047ఏ, 1047బీ ఉంటాయి, నల్ వచ్చేది అవే. ఇది కూడా చెప్పాలా?

అమీర్‌పేట బ్యాచ్:
అన్నా, చెప్పాల్సింది అదొక్కటే! డ్రైవర్ మామూలుగా మొదటి 8 వరసలే చూసి కాలమ్ రకం తేల్చేస్తుంది. అక్కడ అన్నీ అంకెలే కాబట్టి కాలమ్ మొత్తం అంకెలని ఫిక్స్ అయింది. తర్వాత 1047ఏ ఎదురైతే అంకెగా మార్చలేక నల్ ఇస్తుంది. ఐమెక్స్=1 పనిచేసేది ఆ 8లో అంకెలూ అక్షరాలూ కలిసి కనబడినప్పుడే. హెచ్‌డీఆర్=నో (మొదటి వరస హెడ్డింగ్ కాదని చెప్పడం) కూడా పెట్టి చూడు. అప్పుడు 'కోడ్' అనే హెడ్డింగే మొదటి వరస అవుతుంది, అది అక్షరాలు కదా, కాలమ్ టెక్స్ట్‌గా వస్తుంది. కాలమ్ పేర్లు ఎఫ్1, ఎఫ్2 అవుతాయి, హెడ్డింగ్ వరసను క్వెరీలో వేర్ షరతుతో తీసెయ్.

మియాపూర్ మెట్రో:
ఇంత తంటా ఎందుకు భయ్యా? ఎక్సెల్‌లో కాలమ్ సెలెక్ట్ చేసి ఫార్మాట్ టెక్స్ట్ చేస్తే చాలు.

అమీర్‌పేట బ్యాచ్:
చాలదు. ఉన్న అంకెలు అంకెలుగానే ఉంటాయి. ఒక సెల్‌లోకి వెళ్లి ఎంటర్ కొట్టి చూడు, మూలన ఆకుపచ్చ త్రికోణం వచ్చేది అప్పుడే. మూడు వేల సెల్స్‌లో అలా కొడతావా?

మియాపూర్ మెట్రో:
సరే. నేనైతే ఈ లింక్డ్ సర్వర్ల జోలికే పోను.

పాత డీబీఏ:
ఇది లింక్డ్ సర్వర్ కాదు బాబూ. లింక్డ్ సర్వర్ అంటే ఒకసారి పేరు పెట్టి సర్వర్‌లో నమోదు చేసేది. ఓపెన్‌రోసెట్‌లో కనెక్షన్ వివరాలు క్వెరీలోనే ఉంటాయి.

మియాపూర్ మెట్రో:
రెండూ బయటి ఫైలే కదా చదివేది, పేరేదైతే ఏంటి?

పాత డీబీఏ:
ఇంటర్వ్యూలో ఇలాగే చెప్పండి.

సీతాఫల్‌మండి:
మధ్యలో వస్తున్నా, సారీ. నాది టెక్స్ట్ ఫైల్. మధ్యలో నిలువు గీతలు, పేర్లు తెలుగులో. అంతా ఒకే కాలమ్‌లో పడుతోంది, పేర్లు పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి.

రెండు ముక్కలు:
అదే ఫోల్డర్‌లో స్కీమా.ఐఎన్ఐ అనే సెట్టింగ్స్ ఫైల్ పెట్టండి. ఫార్మాట్=డీలిమిటెడ్(|), క్యారెక్టర్‌సెట్=65001 (అంటే యూటీఎఫ్-8, తెలుగు అక్షరాలు కూడా పట్టే ఎన్‌కోడింగ్).

సీతాఫల్‌మండి:
పెట్టా. గీతలు సెట్. పేర్లు అలాగే ఉన్నాయి.

పాత డీబీఏ:
ఫైల్ నిజంగా యూటీఎఫ్-8లోనే సేవ్ చేశారా?

బాలానగర్ గోడౌన్:
హెచ్‌డీఆర్=నో పెట్టాక 1047ఏ వచ్చింది. థాంక్స్ అన్నా. తినడానికి పోతున్నా.

సీతాఫల్‌మండి:
యూటీఎఫ్-8 అంటే ఎక్కడ చూడాలి సార్?