కారు పెయింటింగ్ పని, రాత్రిళ్లు దగ్గు: ఇది ఆస్తమానేనా?

పటమట నుంచి ఒక అక్క:
నమస్కారమండీ. మా తమ్ముడికి 34 ఏళ్లు. ఆటోనగర్‌లో కార్లకు స్ప్రే పెయింటింగ్ చేస్తాడు. పదకొండేళ్లుగా ఇదే పని, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఎనిమిది నెలల నుంచి రాత్రి పది దాటితే ఒకటే దగ్గు. రెండు దిండ్లు వెనక పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నాడు, పిల్లికూతలు పక్క గదిలోకి వినిపిస్తున్నాయి. డస్ట్ ఎలర్జీ అన్నారు ఒకచోట, చల్లగాలి పడట్లేదన్నారు ఇంకోచోట. ఇన్‌హేలర్ పీలిస్తే కాసేపు తేలిక. సంక్రాంతికి దివిసీమలో మా ఊళ్లో ఐదు రోజులున్నాం. అంత మంచులో, భోగిమంట పొగలో కూడా ఒక్క రాత్రి దగ్గలేదు! పని వల్లే అనుకుందామంటే, పగలు షెడ్డులో బాగానే ఉంటానంటాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

గుంటూరు నుంచి ఊపిరితిత్తుల డాక్టరు:
అమ్మా, ఊరెళ్తే తగ్గి, పనిలోకి రాగానే తిరగబెడుతోందంటే ముందు అనుమానించాల్సింది పనినే. టూకే పెయింటు (రెండు డబ్బాలు కలిపి వాడేది) గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. షెడ్డులో అందరూ థిన్నర్ ఘాటునే తిట్టుకుంటారు గానీ, అసలు ప్రమాదం వాసన కూడా తెలియని ఈ ఐసోసయనేట్లతోనే. కొందరి ఒంటికి ఇవి నెలలకు, కొందరికి ఏళ్లకు పడకుండా పోతాయి. కాబట్టి ఇన్నేళ్లు ఏమీ కాలేదన్నది ధీమా కాదు. పగలు పీల్చినదానికి ఛాతీ నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత బిగుసుకోవడం పని వల్ల వచ్చే ఈ ఆస్తమాలో మామూలే. షెడ్డులో బాగుండి రాత్రి దగ్గడం అందుకే.

పీక్ ఫ్లో మీటర్ కొనండి, గాలి ఎంత వేగంగా ఊదగలడో చూపించే చిన్న గొట్టం అది, కొన్ని వందల్లో మెడికల్ షాపులో దొరుకుతుంది. నిలబడి, గుండెల నిండా గాలి తీసుకుని ఒక్కసారిగా ఊదాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలి. రోజుకు కనీసం నాలుగుసార్లు, పని ఉన్న రెండు వారాలూ, సెలవు పెట్టిన రోజులూ రాయించండి. ఆ రోజు స్ప్రే గన్ పట్టాడా, పుట్టీ రుద్దాడా, ఇన్‌హేలర్ ఎప్పుడు పీల్చాడో పక్కనే రాయాలి. అయితే ఇదంతా మీ ఛాతీ డాక్టరుకు చెప్పాకే మొదలుపెట్టండి. పని పూర్తిగా మానేశాక పరీక్ష చేస్తే జబ్బు తేలడం కష్టం. అలాగని ఆయాసం పెరుగుతుంటే చార్టు కోసం షెడ్డుకు పంపొద్దు. మాట పూర్తి చేయలేకపోయినా, ఇన్‌హేలర్‌కు లొంగకపోయినా ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పటమట అక్క:
చాలా థాంక్సండీ. ముక్కుకు కర్చీఫ్ కట్టుకుంటాడు. మంచి మాస్కు కొనిస్తే ఇదే పని చేసుకోవచ్చా?

గుంటూరు డాక్టరు:
కర్చీఫ్ ఆవిరిని ఆపదమ్మా. స్ప్రే చేసేవాళ్లకు బయటి నుంచి పైపులో శుభ్రమైన గాలి అందే మాస్కు కావాలి. కానీ ఒకసారి పడకుండా పోయాక అతి కొద్ది మోతాదు చాలు, పక్కన ఇంకొకరు గన్ పట్టినా దగ్గు మొదలవుతుంది. ఇన్‌హేలర్ పీలుస్తూ అదే షెడ్డులో ఉండిపోతే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతినొచ్చు. ఎంత తొందరగా దూరమైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ. హార్డెనర్ చర్మం మీద పడ్డా ప్రమాదమే, గ్లోవ్స్ లేకుండా కలపొద్దని మిగతా కుర్రాళ్లకూ చెప్పమనండి.

ఒకప్పటి పెయింటరు, విజయవాడ:
చెల్లెమ్మా, నాకూ ఇదే వచ్చింది. ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని మూడేళ్లు నెట్టుకొచ్చాను, అదే నా తప్పు. ఇప్పుడు స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో కూర్చుంటున్నా, అయినా రెండంతస్తులు ఎక్కితే ఆగాల్సిందే. మీ తమ్ముణ్ణి అంతదాకా రానివ్వకండి. షెడ్డులో పదిమంది ఉండి, జీతం నెలకు 21,000 దాటకపోతే ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) ఉండాలి, కార్డు ఉందేమో అడగండి. పని వల్ల వచ్చే ఆస్తమా వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. గుణదల ఈఎస్‌ఐ ఆస్పత్రిలో చూపించేటప్పుడు ఉత్త దగ్గు అనకుండా, ఏ పని చేస్తాడో చీటీలో రాయించండి. హార్డెనర్ డబ్బా మీది లేబుల్ ఫోటో తీసుకెళ్లండి.

పటమట అక్క:
అన్నయ్యా, లేబుల్ ఫోటో ఇప్పుడే పంపించాడు. ఐసోసయనేట్ అనే ఉంది. రేపు పొద్దున్నే ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.