చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో ఎకాలజీ: మా అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న (చికాగో శివార్ల నుంచి ఒక తల్లి)

నమస్కారమండి. మా అమ్మాయి ఈ ఏడాది హైస్కూలు పూర్తి చేస్తోంది. కాలేజీలో ఎకాలజీ, అంటే జీవావరణ శాస్త్రమే చదువుతానని పట్టుబట్టింది. ఇది నిన్న మొన్న పుట్టిన సరదా కాదు. కొన్నేళ్లుగా శనివారాలు ఇక్కడి అటవీ సంరక్షణ క్షేత్రంలో స్వచ్ఛంద కార్యకర్తలతో కలిసి, ఓక్ చెట్ల కింద నేలకు వెలుగు తగలనీయకుండా కమ్ముకుపోయే బక్‌థార్న్ పొదలు నరుకుతోంది.

అయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ కాలేజీలోనూ, మా రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనూ సీటు వచ్చింది. గ్రిన్నెల్ లిబరల్ ఆర్ట్స్ కాలేజీ, అంటే సైన్సు, సాహిత్యం, కళలు కలిపి డిగ్రీ వరకే నేర్పేచోటు. గ్రిన్నెల్‌లో చదివేవారు మొత్తం కలిపి 1,700 మంది దాకా ఉంటారట. మా బంధువులు, ఇంజినీరింగ్ ఎలాగూ లేదు, కనీసం పేరున్న పెద్ద యూనివర్సిటీకైనా పంపమంటున్నారు. నా సందేహం వేరు. అంత చిన్నచోట ఈ శాస్త్రాన్ని లోతుగా నేర్పగలరా? తర్వాత పీహెచ్‌డీకి వెళ్లాలంటే లోటు పడుతుందా? మేము హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాం, తను మా మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఉంది. ఈ చదువులో దానివల్ల ప్రత్యేకంగా వచ్చే చిక్కులున్నాయా? తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం (గ్రిన్నెల్‌లో జీవశాస్త్రం చదివిన పూర్వ విద్యార్థిని)

మీ అమ్మాయి పొదలు నరికే పనిని ఇష్టంగా చేస్తోందంటే, గ్రిన్నెల్ విషయంలో మీరు ముందుగా చూడవలసింది కాలేజీ భవనాలను కాదు, ఊరికి పడమరగా ఉన్న కోనార్డ్ పర్యావరణ పరిశోధన క్షేత్రాన్ని. అది 365 ఎకరాల నేల. ఒకప్పుడు అయోవాలో అధిక భాగం మనిషెత్తు గడ్డి పెరిగే ప్రేయరీ మైదానమే. నాగలి కిందికి పోగా ఇప్పుడు అందులో వెయ్యో వంతు కూడా మిగల్లేదు. ఆ గడ్డిమైదానాన్ని ఈ క్షేత్రంలో మళ్లీ విత్తి, కాల్చి, కొలిచి నిలబెడుతున్నారు. దీనికి పేరు వచ్చిన హెన్రీ కోనార్డ్ అక్కడే వృక్షశాస్త్రం బోధించిన ఆచార్యుడు. మొక్కల సమాజాల అధ్యయనానికి పునాది వంటి ఒక జర్మన్ గ్రంథాన్ని 1932లో ఇంగ్లీషులోకి తెచ్చిన ఇద్దరిలో ఒకరు.

అక్కడ మొదటి జీవశాస్త్ర కోర్సే పరిశోధనతో మొదలవుతుంది. పాఠ్యపుస్తకం అంతా చదివాక ప్రయోగశాలకు వెళ్లడం కాకుండా, ప్రతి సెక్షనూ ఒక అంశాన్ని తీసుకుని, ప్రశ్న వేయడం, కొలవడం, విశ్లేషించడం, రాయడం అన్నీ మొదటి ఏడాదిలోనే చేయిస్తుంది. ఎకాలజీలో ఈ పద్ధతి ఎందుకంత ముఖ్యమో ఒక్క పని చెబితే తెలుస్తుంది. సెప్టెంబరులో తలకు పైనున్న గడ్డిలోకి ప్లాస్టిక్ పైపులతో చేసిన అర మీటరు చదరపు చట్రాన్ని దించి, దాని లోపల ఏయే జాతి మొక్క ఎంత శాతం నేలను కప్పిందో అంచనా వేయాలి. బిగ్ బ్లూస్టెమ్ గడ్డికి కంకి ఉంటే, టర్కీ కోడి కాలి వేళ్లలా మూడుగా చీలిన ఆ కంకితోనే గుర్తుపట్టవచ్చు. కంకి లేని రోజుల్లో దానికీ ఇండియన్ గ్రాస్‌కూ తేడా చెప్పాలంటే, ఆకు కాండాన్ని కలిసే చోట నిలబడే చిన్న పొరను వేలితో విప్పి చూడాలి. ఇండియన్ గ్రాస్‌లో ఆ పొర ఇరువైపులా మొనదేలి పైకి లేచి ఉంటుంది. ఇద్దరు విద్యార్థులు ఒకే చట్రాన్ని విడివిడిగా చూస్తే, ఒకరు 40 శాతం అంటారు, ఇంకొకరు 60 అంటారు. ఆ తేడా మొక్కల్లోంచి వచ్చిందా, చూసే కళ్లలోంచి వచ్చిందా అని టీచరు అక్కడే నిలబడి అడుగుతారు. పదిమంది ఉన్న తరగతిలోనే ఆ ప్రశ్న ప్రతి ఒక్కరిదాకా వస్తుంది.

వసంతంలో నియంత్రిత దహనాలు జరుగుతాయి. పాత ఎండుగడ్డి కాలిపోయాక నల్లబడిన నేల ఎండకు త్వరగా వేడెక్కి, వేసవి గడ్డిజాతులు పుంజుకుంటాయి. వాటికంటే ముందే చిగురించే స్మూత్ బ్రోమ్ వంటి బయటి దేశాల నుంచి వచ్చిన గడ్డి, మంట కాస్త ఆలస్యంగా పెడితే దెబ్బతింటుంది. ఏ వారంలో మంట పెడితే ఏ జాతికి లాభమన్నది డిగ్రీ విద్యార్థి కూడా నిజాయితీగా చేపట్టగల పరిశోధన ప్రశ్న. పై తరగతుల్లో ఆచార్యుల మార్గదర్శకత్వంలో ఇటువంటి ప్రాజెక్టు చేసే ఏర్పాటు ఉంది. మార్గదర్శకుని సమయం కోసం పోటీపడే పీహెచ్‌డీ విద్యార్థులు అక్కడ లేరు.

రెండవ సమాధానం (పెద్ద విశ్వవిద్యాలయంలో చదివి, గడ్డిమైదానాల మీద పీహెచ్‌డీ చేసినవారు)

పీహెచ్‌డీ గురించిన భయం అక్కరలేదు. ద్వీపాల్లో జాతుల సంఖ్యకు సిద్ధాంతం చెప్పిన రాబర్ట్ మకార్థర్ వెర్మాంట్‌లోని మార్ల్‌బరో అనే అతి చిన్న కాలేజీలో డిగ్రీ చదివారు. ఆమ్ల వర్షాల సమస్యను ఉత్తర అమెరికాలో వెలికితీసినవారిలో ఒకరైన జీన్ లైకెన్స్ 1957లో ఇండియానాలోని మాంచెస్టర్ కాలేజీ నుంచి, సముద్ర జీవావరణ శాస్త్రవేత్త జేన్ లూబ్‌చెంకో 1969లో కొలరాడో కాలేజీ నుంచి వచ్చారు. అయితే ఆ మార్ల్‌బరోయే 2020లో మూతపడింది. చిన్న కాలేజీని ఎంచుకునేటప్పుడు దాని ఆర్థిక స్థితిని కూడా చూడాలన్నది అందుకే. గ్రిన్నెల్ మూలనిధి 200 కోట్ల డాలర్లకు పైమాటే కాబట్టి, మీకు ఆ బెంగ లేదు.

అసలు లోటు మరోచోట ఉంది. చిన్న కాలేజీలో ఎకాలజీ బోధించేవారు సాధారణంగా ఇద్దరో ముగ్గురో ఉంటారు. వారిలో ఒకరు ఏడాది పరిశోధన సెలవు మీద వెళితే, మీ అమ్మాయికి కావలసిన కోర్సు ఆ ఏడాది ఉండకపోవచ్చు. కీటకాలకో, చేపలకో, గడ్డిజాతులకో ప్రత్యేకించిన గుర్తింపు కోర్సులు దొరకడం అరుదు. పెద్ద విశ్వవిద్యాలయంలో వాటికి నమూనాల భాండాగారాలే ఉంటాయి. దీన్ని వేసవిలో క్షేత్ర కేంద్రాల ద్వారా పూడ్చుకోవచ్చు. అయోవాలోనే ఒకోబోజీ సరస్సు ఒడ్డున 1909 నుంచి నడుస్తున్న లేక్‌సైడ్ ల్యాబొరేటరీ ఉంది. కొలరాడో కొండల్లో గాథిక్ అనే పాత గనుల ఊరిలో 1928లో మొదలైన రాకీ మౌంటెన్ జీవశాస్త్ర ప్రయోగశాల ఉంది. స్టాటిస్టిక్స్ కోర్సులు, లెక్కల విశ్లేషణకు వాడే ఆర్ (R) అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామింగ్ మాత్రం కాలేజీలోనే, వీలైనంత ముందుగా పూర్తిచేయాలి. క్షేత్రంలో ఎంత చురుకైనవారైనా, ఇవి రాకపోతే పీహెచ్‌డీ మొదటి ఏడాది నలిగిపోతారు. అమెరికాలో ఎకాలజీ పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు మాఫీతో పాటు జీవనభృతి కూడా ఇస్తారు కాబట్టి, దానికోసం మీరు ఇప్పటి నుంచే డబ్బు కూడబెట్టనక్కరలేదు.

మరొక్క మాట. గడ్డిమైదానాన్ని ఖాళీ నేలగా కాక ఒక జీవావరణంగా చూడటం నేర్చినవారు మనకు చాలా అవసరం. ఒకప్పుడు బట్టమేక పిట్టకు ఆలవాలమైన నంద్యాల జిల్లా రోళ్లపాడు వంటి చోట్లు మన తెలుగు నేల మీద ఉన్నాయి. అటువంటి నేలను బంజరు అనుకుని చెట్లు నాటితే గడ్డిలో బతికే పక్షికి చోటుండదు.

మూడవ సమాధానం (హెచ్-4 మీద ఉన్న కుమారుడిని చదివించిన తండ్రి)

వీసా చిక్కు ఈ చదువులో నిజంగానే ఉంది. డిగ్రీ విద్యార్థులకు వేసవి పరిశోధన అవకాశమిచ్చే జాతీయ సైన్స్ ఫౌండేషన్ వారి ఆర్‌ఈయూ కార్యక్రమం నిధులు పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే వర్తిస్తాయి. హెచ్-4 మీద ఉన్న పిల్లలు వేతనం తీసుకుని పనిచేయడానికి వీల్లేదు కనుక, కాలేజీ సొంత నిధులతో ఇచ్చే వేసవి పరిశోధన భృతికి కూడా అడ్డంకి రావచ్చు. విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కు మారితే క్యాంపస్‌లో సెమిస్టరు రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో పూర్తికాలం పనిచేయవచ్చు. ఎలాగూ 21 ఏళ్లు నిండగానే హెచ్-4 చెల్లదు. మార్పుకు నెలలు పడుతుంది కాబట్టి, మొదటి ఏడాదిలోనే కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంతోనూ, ఒక వలస న్యాయవాదితోనూ మాట్లాడండి. చదువయ్యాక ఎఫ్-1 విద్యార్థులకు ఉద్యోగానుభవం కోసమిచ్చే ఓపీటీ అనుమతి కింద 12 నెలలు, ఆ డిగ్రీ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటే మరో 24 నెలలు పనిచేయవచ్చు. జీవశాస్త్రం ఆ జాబితాలో ఉంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండి. ఆర్‌ఈయూ సంగతి మాకు అసలు తెలియదు. అక్కడి ఆచార్యులకు మా అమ్మాయి ఉత్తరం రాస్తానంటోంది. ఏమి అడగమంటారు?

మొదటి సమాధానం ఇచ్చినవారు

వచ్చే నాలుగేళ్లలో ఎకాలజీ కోర్సు ఏయే సెమిస్టర్లలో ఉంటుందో, క్షేత్రంలోని పాత కొలతలను మొదటి ఏడాది విద్యార్థికి చూడనిస్తారో లేదో, పౌరులు కానివారికి వేసవి పరిశోధన భృతి ఎలా ఇస్తున్నారో అడగమనండి. బక్‌థార్న్ పని గురించి కూడా తప్పక రాయమనండి. దాన్నిబట్టే వారు మీ అమ్మాయి ఆసక్తిని అంచనా వేస్తారు. ప్రవేశం ఖరారు చేయడానికి గడువు మే 1 కనుక, ఏప్రిల్ మొదటి వారంలోనే ఉత్తరం పంపి, వీలైతే ఒకసారి వెళ్లి ఆ క్షేత్రంలో నడిచి రండి.