ఈ వారం సమస్య: 'పూజ వలదటంచు పువ్వు పలికె'

ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం. హిందీ కవి మాఖన్‌లాల్ చతుర్వేది జీవితాన్నో కవితనో తాకుతూ పూరించాలి. 1921లో రాజద్రోహం కేసులో బిలాస్‌పూర్ జైలుకెళ్లి, అక్కడే ఆయన 'పుష్ప్ కీ అభిలాషా' (పువ్వు కోరిక) అనే కవిత రాశారు.

మొదటి పూరణ (ఒక కొత్త సభ్యురాలు)

తల్లి యొడిని బాసి దారాన గుచ్చగా
కంట నీరు నింపి గాయపడుచు
కోయవలదు నన్ను గోటితో ననుచునే
పూజ వలదటంచు పువ్వు పలికె

గణాలు, యతులు సరిగ్గా పడ్డాయమ్మా, తొలి ప్రయత్నమంటే నమ్మలేం. 'అనుచునే' తర్వాత వెంటనే 'అటంచు' మాత్రం పునరుక్తి. అసలు చిక్కు వేరే ఉంది. ఇది కరుణశ్రీ గారి పువ్వు! ఘంటసాల గొంతులో 'పుష్పవిలాపం' విని పెరిగిన చెవులు కదా, చెయ్యి అటే పోతుంది. ఆ పువ్వు కొయ్యొద్దని ఏడుస్తుంది. చతుర్వేది పువ్వు కొయ్యమనే అడుగుతుంది. దేవకన్య నగల్లో వద్దు, ప్రేమికుడి మాలలో వద్దు, తుంచి వీరులు నడిచే దారిలో పారెయ్యమంటుంది.

రెండో పూరణ (బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగిన రైల్వే ఉద్యోగి)

ఖండువాను వీడి కారాగృహము జేరి
బిలాసుపూరు గదిని పెదవి విప్పి
వీరులేగు బాట వేయుము చాలును
పూజ వలదటంచు పువ్వు పలికె

సొంతూరి మీద ప్రేమ సరే గానీ, 'బిలాసు' జగణం (లఘువు, గురువు, లఘువు), ఈ పాదంలో రావాల్సిన సూర్యగణం కాదు. 'బిలసుపూరు' అనండి, సరిపోతుంది. ఖండ్వా ఊరిని 'ఖండువా' చేస్తే భుజం మీది కండువా అనుకుంటాం! పైగా 1920లో మొదలైన, ఆయన సంపాదకుడిగా ఉన్న 'కర్మవీర్' పత్రిక అప్పటికి జబల్‌పూర్‌లో ఉంది, ఖండ్వాకు మారింది 1925లో. ఇంకోటి: 'చేరి', 'విప్పి' అన్నాక కర్త పువ్వే అవుతుంది. అంటే జైలుకెళ్లింది పువ్వా?

— అవును మాస్టారూ, పువ్వే వెళ్లింది. కవి వేరూ పువ్వు వేరూనా?

ఒప్పుకున్నాను. వ్యాకరణం ఒప్పుకోదు.

మూడో పూరణ (ఒక డిగ్రీ విద్యార్థి)

పద్మభూషణమును భాషకై వీడిన
కవిని దలచి నేడు కరము మోడ్చి
బిరుద మేల నాకు పేరేల యనుకొని
పూజ వలదటంచు పువ్వు పలికె

1963లో వచ్చిన బిరుదును ఆయన 1967లో రాజభాషా (అధికార భాషల) చట్ట సవరణకు నిరసనగా తిరిగిచ్చేశారు. ఆ సంగతి పట్టుకోవడం బాగుంది. పువ్వుకు చేతులెక్కడివని అడగబోయి ఆగాను. పద్మం ముడుచుకుంటే దోసిలి కట్టినట్టేగా!

నాలుగో పూరణ (మా పాత సభ్యులొకరు)

రాజు శవముపైన రాలుట యెందుకు
సురల శిరము నెక్కి సొగసులేల
తోటమాలి! తుంచి దోవలో చల్లవా
పూజ వలదటంచు పువ్వు పలికె

మూలానికి అన్నిటికన్నా దగ్గర. 'సురల – సొగసు' యతి హాయిగా ఉంది. కానీ ఎవరి దోవ? ఊరికే దోవలో చల్లితే పొద్దున్నే మునిసిపాలిటీ వాళ్లు ఊడ్చేస్తారు.

— అయితే రైల్వే ఆయన దగ్గర వీరుల్ని అప్పు తీసుకుంటాను: 'తుంచి వీరులేగు దోవపై చల్లవా'.

యతి కూడా కుదిరింది. తోటమాలి మాయమయ్యాడేం మరి?

— మాలి పోతే పోయాడు, 'తుంచి' ఉంది చూడండి.