ఈ వారం సమస్య: రాజులిద్దరున్న రాజ్యమోడె

మాస్టారు (నిర్వహణ): ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను.

*రాజులిద్దరున్న రాజ్యమోడె*

ఇద్దరు రాజులుంటే రాజ్యం ఇంకా గట్టిగా నిలవాలి కదా, ఎందుకు ఓడింది? పోయిన ఆదివారం మారతహళ్ళిలో మా అబ్బాయి ఫ్లాట్లో కుర్రాళ్ళు పోకర్ ఆడుతుంటే పక్కన కుర్చీ వేసుకున్నాను. డబ్బుల్లేవు, చింతపిక్కలే. ఒకబ్బాయికి ఇస్పేటు రాజు, ఆఠీను రాజు పడ్డాయి. ముఖం వెలిగిపోయింది. రెండు నిమిషాల్లో పిక్కలన్నీ పోయి, టీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్ళాడు. ఈ పాదం అక్కడే పుట్టింది.

విషయం పేకాటే కావాలి, రాయలవారిని లాక్కురాకండి. ఇంకో మాట: 'ఖర్మ కాలింది' అంటే పూరణగా ఒప్పుకోను. ఓటమికి కారణం పద్యంలోనే ఉండాలి.

బీటీఎం బాచి: టీ పెట్టింది నేనే మాస్టారూ. కాబట్టి మొదటి పూరణ నాదే.

ఆ.వె.
పెంచకుండ నేను పిలిచితి నందరిన్
వచ్చిరైదుగురును వరుసగాను
ఫ్లాపు మీద నాసు పళ్ళికిలించెను
రాజులిద్దరున్న రాజ్యమోడె

మాస్టారు: ఆసు పళ్ళికిలించడం భేష్. ఫ్లా–ప యతి సరిపోయింది. మరి ఈ ఫ్లాపు అంటే? నాకు రమ్మీ, మూడుముక్కలాట తప్ప తెలియవు.

కుందలహళ్ళి కోమలి: ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలే మాస్టారూ. తర్వాత బల్ల మీద అందరికీ కలిపి ఐదు తెరుస్తారు. ముందు మూడు కలిపి, అది ఫ్లాపు. తర్వాత ఒకటి, అది టర్ను. ఆఖరిది రివరు. మధ్యమధ్యలో పందెం. నో లిమిట్ కాబట్టి ఎప్పుడైనా ఉన్నదంతా ముందుకు తోసెయ్యొచ్చు.

ఇక బాచీ, నీకు అక్షింతలు. రాజుల జంట 221 చేతులకు ఒకసారి వస్తుంది. అలాంటిది వస్తే ధర పెంచకుండా ఐదుగురికి చవగ్గా తలుపు తీస్తావా? చేతిలో రాజులుంటే ఫ్లాపులో ఆసు కనబడేది నూటికి 22, 23 సార్లు. ఒక ఆసు కనబడిందే అనుకో. ఎదుట ఒక్కడే ఉంటే వాడి చేతిలో ఇంకో ఆసు ఉండి, దీనితో జంటై నీ రాజుల్ని మించే అవకాశం ఎనిమిదింట ఒకవంతు. ఐదుగురుంటే సగానికి పైనే. ఎవరేం ముక్కలతో వచ్చారో చూడకుండా వేసిన లెక్క ఇది. ఆసు ఉన్నవాడు ఫోల్డ్ చెయ్యకుండా, అంటే ముక్కలు పారెయ్యకుండా, అంటిపెట్టుకునే ఉంటాడు కాబట్టి అసలు పరిస్థితి ఇంకా ఘోరం.

బీటీఎం బాచి: దాచిపెడితే ఎక్కువ పిక్కలు రాలతాయనుకున్నా అక్కా.

మాస్టారు: కారణం 'పెంచకుండ' అన్న మొదటి మాటలోనే ఉంది. ముడి విడింది. తరువాత?

కె.ఆర్.పురం కుర్రాడు:

ఆ.వె.
ఆసులెదుటివాని కబ్బెను రెండని
తెలియకున్న నేను తెచ్చిపోసి
చింతపిక్కలన్ని చేజార్చికొంటినే
రాజులిద్దరున్న రాజ్యమోడె

మాస్టారు: ధార బాగుంది, 'తెచ్చిపోసి' జాతీయంగా కుదిరింది. కానీ నాయనా, 'తెలియకున్న' అంటే కారణం చెప్పినట్టా, చెప్పకుండా తప్పించుకున్నట్టా? సగం ముడే విప్పావు.

కుందలహళ్ళి కోమలి: ఇక్కడ మాత్రం తమ్ముడి తప్పులేదు మాస్టారూ. ఎదుట తొమ్మిదిమంది కూర్చున్నా, మన దగ్గర రాజులున్నప్పుడు వాళ్ళలో ఒకడికి ఆసుల జంట ఉండేది నూటికి నాలుగైదు సార్లే. దానికి భయపడి ఫ్లాపుకి ముందే రాజుల్ని పారేస్తే ఇక ఆడేదెప్పుడు? ఆసులకి ఎదురుపడితే రాజులు గట్టెక్కేది నూటికి 18 సార్లు. పడ్డాడు, పోయాయి, అంతే.

మాస్టారు: 'అంతే' అన్నచోట పద్యం పుట్టదమ్మా. అదే నా గొడవ.

కొత్త సభ్యుడు (వైట్‌ఫీల్డ్): నమస్కారం. ఇది నా తొలి పద్యం, తప్పులుంటే దిద్దండి. మా ఆఫీసు వాళ్ళ ఆటలో పన్నెండుమందిమి, బిర్యానీ పార్సెల్ మొదటి ముగ్గురికే. నలుగురం మిగిలాం. నాలుగోవాడికి ఉత్త చేతులే, దాన్నే బబుల్ అంటారు. టెన్షన్‌తో చేతికొచ్చినవన్నీ పారేస్తూ కూర్చున్నాను.

ఆ.వె.
బబులు దగ్గరైతె భయపడి దాగితి
బ్లైండ్లు మింగివేసె పిక్కలన్ని
చివరి పిక్క తోడ చేతికి వచ్చిన
రాజులిద్దరున్న రాజ్యమోడె

మాస్టారు: తొలి పద్యానికి ఇంత పట్టు నేను ఊహించలేదు. రెండు దిద్దుబాట్లు. 'దగ్గరైతె' అని వాడుకమాటను కుదించే బదులు 'దగ్గరైన' అనండి, గణం చెడదు. రెండో పాదంలో యతి తప్పింది. 'బ్లై'లో ఉన్నది ఐకారం. దాని జట్టు అ, ఆ, ఔ. 'పి'లోని ఇకారంతో పొసగదు. 'బ్లైండ్లు మింగివేసె బలగమెల్ల' అంటే యతి కుదురుతుంది, రాజుల పక్కన బలగమూ అమరుతుంది. ఇంతకీ ఈ బ్లైండ్లెవరు?

కొత్త సభ్యుడు: ధన్యవాదాలండీ. ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టే పందెం అది. వంతులవారీగా అందరికీ వస్తుంది. టోర్నమెంట్లో కొంతసేపటికోసారి పెరుగుతూ పోతుంది. ఊరికే కూర్చున్నా మన పిక్కలు కరిగిపోతాయి. నాకు రాజులొచ్చేసరికి ఒక్కటే మిగిలింది. ఒక్క పిక్కకి ఎవడు భయపడతాడు? ముగ్గురూ కాల్ చేశారు, అంటే అంత పందెమూ కట్టి ఆటలో నిలబడ్డారు. బిర్యానీ వాసన మాత్రం దక్కింది.

బీటీఎం బాచి: బ్రో, ఏడిపించావు.

కుందలహళ్ళి కోమలి: మాస్టారు వద్దన్నదే చేస్తున్నాను. తప్పేమీ చెయ్యకుండా ఓడినవాడి పద్యం కూడా ఒకటి ఉండాలి కదా. ఫ్లాపుకి ముందే అన్నీ పెట్టాను. వాడు రాణులు చూపించాడు.

ఆ.వె.
రాణులొక్క జంట రణమున కెదురయ్యె
నాల్గు పాళ్ళు నావి, నమ్ముకొంటి
ఐదవదియె వచ్చి యాటను ముంచెరా
రాజులిద్దరున్న రాజ్యమోడె

కె.ఆర్.పురం కుర్రాడు: రాజులు రాణులకి ఓడడం మా ఇంట్లో రోజూ ఉండేదే.

మాస్టారు: అమ్మా, ఇది శుద్ధ ఖర్మ పద్యం అని కొట్టేద్దామని మొదలుపెట్టి, మూడో పాదం దగ్గర ఆగిపోయాను. ఐదు పాళ్ళలో నాలుగు నీవి, వాడిది ఐదవది. బల్ల మీద తెరిచే ఐదవ ముక్క కూడా అదే, రివరు. శ్లేషతో నా నిబంధనకే కన్నం వేశావు. లెక్క నిజమేనా?

కుందలహళ్ళి కోమలి: నిజమే. రాణులకి ఎదురైతే రాజులు నెగ్గేది నూటికి 81, 82 సార్లు. రివరులో డైమను రాణి పడి, వాడికి మూడు రాణులయ్యాయి.

మాస్టారు: 'రాణులొక్క జంట' కన్నా 'రాణుల జంట' సహజం. ఛందస్సు కోసం ఓర్చుకుంటాను. మళ్ళీ అలాంటి చెయ్యి వస్తే ఏం చేస్తావు?

కుందలహళ్ళి కోమలి: మళ్ళీ అన్నీ పెడతాను.

మాస్టారు: సరే, ఈ వారం నీదే మొదటి స్థానం, కొత్తాయనది రెండోది. ఇంకో సంగతి. ఆ చింతపిక్కలు మా ఆవిడ ఏడాది పొడుగునా పులుసు పెట్టిన చింతపండులోంచి ఏరి, కడిగి, ఎండబెట్టి డబ్బాలో దాచినవి. నిన్న లెక్కపెడితే పద్నాలుగు తగ్గాయట. ఎవరి జేబులో ఉన్నాయో చూసుకుని ఆదివారం తెచ్చెయ్యండి.