‘రౌతు మెత్తనైతే’: ఆ మెత్తదనానికీ స్పర్‌కీ సంబంధం ఉందా?

ప్రశ్న:
‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది’ అన్న సామెతకి వివరణ రాస్తున్నాను. (స్పర్ అంటే గుర్రాన్ని అదిలించడానికి రౌతు మడమకి కట్టుకునే లోహపు సాధనం.) “మడమకి స్పర్ తొడుక్కుని డొక్కలో పొడవని రౌతుని గుర్రం లెక్కచేయదు” అంటే సరిపోతుందా? పనిలో పనిగా, స్పర్‌ని ‘మడమముల్లు’ అనవచ్చా?

జవాబు 1:
ఆ వివరణ వద్దండీ. ఈ సామెతలో మెత్తన అంటే దయగలవాడని కాదు, పట్టులేనివాడని. ‘మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి’ అన్నప్పుడు ఉన్న అర్థమే ఇక్కడా ఉంది.

గుర్రం మీద పట్టులేకపోవడం ఎలా ఉంటుందో చూడండి. రౌతు కాలు గుర్రం వేసే ఒక అడుగుకి డొక్కకి తగిలి, మరో అడుగుకి వదిలేస్తుంది. మడమతో పొమ్మంటూ పగ్గాలతో ఆపుతుంటాడు. ఏ మాట వినాలో తెలియక గుర్రం వెనక కాళ్ళు ఈడ్చడం మొదలెడుతుంది, గిట్టల ముందు అంచు నేలకి రాసుకుంటుంది. సామెత పట్టుకున్నది ఈ ఈడుపునే అని నా నమ్మకం. అలాంటి రౌతుకి స్పర్ ఇస్తే అది ప్రతి అడుగుకీ అనుకోకుండా గుచ్చుకుంటుంది. గుర్రం కొన్నాళ్ళు ఉలిక్కిపడి, తర్వాత మొద్దుబారుతుంది. మీ వివరణ చదివి ఎవరైనా చేసేది సరిగ్గా ఇదే.

రికాబుల్లోంచి పాదాలు తీసేసి ట్రాట్‌లో (నడకకీ పరుగుకీ మధ్య వేగంలో) నాలుగైదు చుట్లు తిరిగినా కాలు కదలకుండా వేలాడాలి. అప్పటిదాకా స్పర్ జోలికి పోకూడదు. కొత్తగా జీను ఎరుగుతున్న పిల్ల గుర్రానికీ వద్దు.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తూ, వస్తువు గురించి కాస్త. మడమని వెనకనుంచి పట్టుకునే లాడం ఆకారపు లోహపు కమ్మీ, దాని మధ్యనుంచి వెనక్కి పొడుచుకొచ్చే కాడ, పాదం మీదుగా కట్టే తోలు పట్టీ, ఈ మూడూ కలిస్తే స్పర్. కాడ కొస మొద్దుగా ఉండొచ్చు, గుండుగా ఉండొచ్చు, లేదా చిన్న పళ్ళ చక్రం ఉండొచ్చు. చక్రం చూడగానే క్రూరం అనిపిస్తుంది గానీ, పళ్ళు ఎక్కువగా, మొద్దుగా ఉండి చక్రం సులువుగా తిరిగితే ఒత్తిడి పంచుకుంటుంది. నాలుగైదు వాడి పళ్ళే ప్రమాదం. వెంట్రుకలూ మట్టీ ఇరుక్కుని తిరగడం మానేసిన చక్రమూ అంతే.

కట్టేటప్పుడు కమ్మీ బూటు మడమ కుట్టుకి పైన, నేలకి సమాంతరంగా కూర్చోవాలి. కాడ కొస కాస్త కిందికి చూడొచ్చు, పైకి మాత్రం చూడకూడదు. బకిల్ బయటివైపు ఉండాలి. పట్టీ వదులైతే కాడ పక్కకి తిరిగి, అడగని చోట తగులుతుంది. మొదటిసారికి 1–2 సెంటీమీటర్ల మొద్దు కాడ చాలు. పొడుగు కాళ్ళవాళ్ళకి మడమ గుర్రం పొట్టకి దూరంగా వేలాడుతుంది. వాళ్ళు మడమ పైకెత్తి వెతుక్కోవలసి రాకుండా కాడ కాస్త పొడుగుండాలి. కాడ పొడవు చూసి రౌతు కఠినుడని తేల్చేయకండి.

వాడేది వేగం కోసం కాదు. ముందు నడుముతో అడగాలి, తర్వాత పిక్కతో మెల్లగా నొక్కాలి, తర్వాత కాస్త గట్టిగా. అప్పటికీ జవాబు లేకపోతేనే బొటనవేలిని కొంచెం బయటికి తిప్పి, జీను పట్టీకి కాస్త వెనకగా కొసని తాకించాలి. గుర్రం కదిలిన క్షణమే తీసేయాలి. దానికి బహుమానం ఆ తీసేయడమే. తీయడం ఆలస్యమైతే ఏం చేసినందుకు వదిలారో గుర్రానికి అర్థం కాదు, మర్నాడు ఇంకా గట్టిగా అడగాల్సి వస్తుంది. తోక విసరడం, చెవులు వెనక్కి మడవడం, డొక్క మీద వెంట్రుకలు అరిగి చర్మం కనబడటం జరిగితే స్పర్ విప్పేయాలి. ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య) డ్రెసాజ్ పోటీల్లో, అంటే రౌతు సంజ్ఞలకి గుర్రం కదలికల్ని ప్రదర్శించే పోటీల్లో, స్పర్ తగిలే చోట తాజా రక్తం కనిపిస్తే ఆ జోడీని పోటీలోంచి తప్పిస్తారు.

జవాబు 3:
ఇక మాట సంగతి. ‘ముల్లు’ నాకు నచ్చలేదు. ముల్లు గుచ్చుకుంటుంది, మంచి స్పర్ తాకుతుంది. ఎద్దుని తోలే ములుకోలలో ములుకు నిజంగా మొనే, అక్కడ ఆ మాట సరిగ్గా కుదిరింది. పుంజు కాలికి ఉన్నది కూడా ముల్లే. గుర్రం రౌతు మడమకి ఉన్నది వేరు. హిందీలో ‘ఏడ్ లగానా’ అంటారు, అందులోనూ ఉన్నది మడమే, ముల్లు కాదు.

ఇంగ్లీషు మాట పుట్టుక కూడా మడమతో తన్నడం దగ్గరే ఉంది. సంస్కృతంలోని ‘స్ఫుర్’ ధాతువుని దీనికి దాయాదిగా వ్యుత్పత్తి నిఘంటువులు చూపిస్తాయి. స్ఫురణమంటే అదరడం కూడా కదా. గుర్రం డొక్క మీద ఈగ వాలితే ఆ చోట చర్మం మాత్రమే గబుక్కున అదురుతుంది, చర్మం కిందున్న పలచని కండరం చేసే పని అది. ఈగ కాలినే పట్టించుకునే చర్మానికి పొడుపు ఎందుకు?

నా ఓటు: వస్తువుకి ‘స్పర్’ అనే ఉంచండి. క్రియకి ‘మడమ తాకించు’. గొంతుతోనో పగ్గంతోనో మడమతోనో అని చెప్పనక్కరలేని చోట ‘అదిలించు’ ఎటూ ఉంది. ‘ఉసిగొల్పు’ మాత్రం వాడకండి, అది కుక్కని ఇంకొకరి మీదికి పంపే మాట.

జవాబు 4:
మూడు కాళ్ళ గురించి ఎవరూ చెప్పని విషయం ఒకటి. గుర్రం నిజంగానే మూడు కాళ్ళ మీద నడుస్తుండవచ్చు. ముందుకు రానని మొరాయించే గుర్రానికి స్పర్ తగిలించే ముందు దిగి, గట్టి నేల మీద ట్రాట్‌లో నడిపించి చూడాలి. ముందుకాలు నొప్పైతే ఆ కాలు నేల తాకినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు మోపినప్పుడు దిగుతుంది. అది కనిపిస్తే గిట్టలో రాయి ఉందా, లాడం మేకు పక్కకి దిగిందా చూడాలి. తల అదరకపోతే జీను కింద వెన్ను నొక్కిచూడండి, పళ్ళు కళ్ళేనికి తగులుతున్నాయేమో చూడండి. నొప్పితో ఆగిన గుర్రాన్ని పొడిస్తే అది ముందుకి రాదు, వెనక కాళ్ళు విసిరి పడేస్తుంది.

(ఇంకో చిన్న మాట. మామూలు నడకలో గుర్రం ఒక్కోసారి మూడు గిట్టలు, ఒక్కోసారి రెండు గిట్టలు నేలమీద ఉంచుతుంది. సామెతలోని మూడు అది కాదు లెండి.)

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇలా మార్చాను: “ఎక్కినవాడి సంజ్ఞలో నిలకడ లేకపోతే గుర్రం ఈడుస్తూ నడుస్తుంది. పైవాడికి పట్టు లేనప్పుడు కిందివాళ్ళు పని ఎగ్గొట్టే సందర్భంలో వాడతారు.”

జవాబు 1:
బాగుంది. ‘ఎగ్గొట్టే’ బదులు ‘సగం సగం చేసే’ అనండి. మూడు కాళ్ళయినా సరే, గుర్రం నడుస్తూనే ఉంది కదా.