అక్రిలిక్‌తో వాటర్ కూలింగ్ కేసు సొంతంగా చేస్తున్నా, ట్యాంకు మర దగ్గర పగులుతోంది. బెజవాడలో ఎవరైనా చేశారా?

పటమట_పైపులు:

అందరికీ నమస్తే. పోస్టు పెద్దది, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

నాది పెళ్లి వీడియోల ఎడిటింగ్ పని. రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. మాఘమాసం ముహూర్తాలప్పుడు రాత్రంతా రెండర్ పెడితే కార్డు ఫ్యాన్లు మిక్సీలా అరుస్తాయి, పక్క గదిలో అమ్మమ్మకి నిద్ర ఉండదు. ఎలాగూ వాటర్ లూప్ (పంపుతో నీళ్లు తిప్పి వేడి లాగే ఏర్పాటు) చేద్దామనుకున్నా కదా అని, కేసు కూడా నేనే చేస్తే పోలా అనే పిచ్చి పట్టింది. పక్క పలకలు 5 మి.మీ. అక్రిలిక్, నీళ్ల ట్యాంకు 10 మి.మీ. షీటు. డ్రాయింగ్ నేనే గీసి, సైన్‌బోర్డులు చేసే షాపులో లేజర్ కటింగ్ చేయించా. పైపులు తగిలించే ఫిట్టింగులకి జి 1/4 (పావు అంగుళం పైపు సైజు) మరలు కావాలి కదా, అవి ఓ వర్క్‌షాపులో కొట్టించా. ఇంతవరకూ బాగానే ఉంది.

ఫిట్టింగ్ చేత్తో తిప్పితే రెండు చుట్లు వెళ్లి బిగుసుకుపోయింది. కారుతుందేమోనని టెఫ్లాన్ టేప్ చుట్టి స్పానర్‌తో ఇంకాస్త తిప్పా. టక్‌మని చిన్న శబ్దం వచ్చింది, చూస్తే మర నుంచి అంచు దాకా గీత. సరే నా తొందరే అనుకుని రెండో ముక్క కోయించి, ఈసారి జాగ్రత్తగా చేసి, వేలిముద్రలు పోవాలని స్పిరిట్‌తో తుడిచా. పది నిమిషాల్లో లేజర్ కోసిన అంచుల పొడవునా సాలెగూడులా సన్నటి పగుళ్లు! నేను ముట్టుకోను కూడా లేదు, నా కళ్ల ముందే పాకాయి. అమ్మమ్మ చూసి "చేపల తొట్టి చేస్తున్నావా నాన్నా" అంది, ఏం చెప్పాలో తెలియలేదు.

షీటు నాసిరకమా, నా చెయ్యే నాసిరకమా? రెండో అనుమానం, మన ఎండలకి అసలు ఇదంతా పనికొస్తుందా? మే నెలలో గది 38 డిగ్రీలకి తగ్గదు, ఏసీ ఎప్పుడూ వేసుకునే స్తోమత లేదు.

షీటు_మేస్త్రి:

తమ్ముడూ, మాది గుంటూరు, పద్నాలుగేళ్లుగా ఈ షీట్ల పనే. అక్షరాలు, షీల్డులు, షాపుల్లో పెట్టే డబ్బాలు అన్నీ చేస్తాం. నీ రెండో ముక్కని చంపింది స్పిరిట్. లేజర్ కోసేటప్పుడు అంచు కరిగి వెంటనే చల్లారుతుంది, ఆ చల్లారడంలో అంచులో బిగువు నిలబడిపోతుంది. కంటికి అద్దంలా మెరుస్తుంది, లోపల మాత్రం లాగిపెట్టిన రబ్బరే. దానికి ఆల్కహాల్ తగిలితే చాలు, చిట్లుతుంది. గాజు తుడిచే స్ప్రేలూ వద్దు. చుక్క సబ్బు కలిపిన నీళ్లు, మెత్తటి పాత బనియన్ గుడ్డ, అంతే. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, పైగా కరెంటు పట్టి బెజవాడ దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

షీటు కాస్టా (అచ్చులో పోసిందా), ఎక్స్‌ట్రూడెడా (యంత్రంలోంచి నొక్కి తీసిందా) అని అడిగావా? అడిగి ఉండవు. ఎవరూ అడగరు, ధర ఒక్కటే అడుగుతారు. నీళ్ల ట్యాంకుకి కాస్ట్ షీటే కావాలి. తేడా తెలియాలంటే పనికిరాని ముక్క మీద లేజర్‌తో నీ పేరు చెక్కించు. కాస్ట్ అయితే గీత తెల్లగా, మంచు పట్టినట్టు వస్తుంది. ఎక్స్‌ట్రూడెడ్ అయితే పారదర్శకంగానే ఉండిపోతుంది. డ్రిల్ వేసినా తెలుస్తుంది. కాస్ట్‌లో పొట్టు రాలుతుంది, రెండోది కరిగి జీళ్లలా బిట్‌కి చుట్టుకుంటుంది.

కోసినదాన్ని కాపాడుకోవాలంటే ఓవెన్‌లో కాల్చాలి. కాల్చడం అంటే కేకులా కాదు, 80 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు ఉంచి, ఆపేసి, తలుపు తీయకుండా దానంతట అదే చల్లారేదాకా వదిలెయ్యాలి. పైన కాగితం తీసేసి, చదునైన పలక మీద పెట్టు. 105 దాటితే షీటు అప్పడంలా వంకర పోతుంది. ఇంటి ఓవెన్ మీద రాసిన అంకెని నమ్మకు, లోపల వేరే థర్మామీటర్ పెట్టు. అతికే పని ఉంటే కాల్చాకే అతుకు. మా షాపుల్లో క్లోరోఫామ్ వాడతాం, సన్న సూదితో సందులోకి వదిలితే అదే పాకుతుంది. కాల్చని లేజర్ అంచుకి అది తగిలితే స్పిరిట్ చేసిన పనే చేస్తుంది. ఇంట్లో, మూసిన గదిలో మాత్రం చెయ్యకు. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు చేసి రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నా.

ఎయిరే_చాలు:

నేను చెప్పేది నచ్చదు, అయినా చెప్తా. 5800ఎక్స్‌కి మంచి టవర్ కూలర్ ఒకటి, కార్డుకి అండర్‌వోల్ట్ (వోల్టేజీ తగ్గించడం), వీటితో అమ్మమ్మ నిద్రపోతుంది. నీళ్లు అద్భుతాలు చెయ్యవు. గదిలో 38 ఉంటే నీళ్లు 38 కంటే కిందికి పోవు, రెండర్ మొదలయ్యాక ఇంకో పది ఎక్కుతాయి. ఆ డబ్బులకి చిన్న ఏసీ వచ్చేది, ఆలోచించుకో బ్రో.

లేత్_ఆటోనగర్:

మొదటి ముక్క సంగతి ఎవరూ పట్టించుకోలేదు, అది మా ఏరియా కాబట్టి నేను చెప్తా. "చేత్తో తిప్పితే రెండు చుట్లు వెళ్లి బిగుసుకుపోయింది" అన్నారు చూశారా, దొంగ అక్కడే దొరికాడు. అది టేపర్ ట్యాప్ (మర కోసే పనిముట్టు) పని. వర్క్‌షాపుల్లో పావు అంగుళం పైపు ట్యాప్ అంటే చాలామంది చేతికి వచ్చేది ప్లంబింగ్, గ్యాస్ పనులకి వాడే బీఎస్‌పీటీ. లోపలికి వెళ్లేకొద్దీ సన్నబడే మర అది, 16కి 1 వాలు. మీ కంప్యూటర్ ఫిట్టింగ్ మర మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు. రెండిటికీ అంగుళానికి 19 చుట్లే కాబట్టి మొదట్లో బుద్ధిగా కూర్చుంటుంది, తర్వాత మేకులా దిగి చీలుస్తుంది. ఇనుములో అయితే ఓర్చుకుంటుంది, అక్రిలిక్ ఓర్చుకోదు. మీరు దానికి టెఫ్లాన్ చుట్టి మేకుని ఇంకా లావు చేశారు.

ట్యాప్ మెడ మీద చూడండి. ఆర్‌సి అనో బీఎస్‌పీటీ అనో ఉంటే టేపర్, జి అని ఉంటే సమాంతరం. వెర్నియర్‌తో కొలిచినా తెలిసిపోతుంది.

రంధ్రం 11.8 మి.మీ. వెయ్యాలి. ఇనుముకి పట్టిన పదునైన బిట్‌తో వద్దు, అది అక్రిలిక్‌ని పట్టి పైకి గుంజుతుంది, చివర్లో అడుగు పెచ్చు లేస్తుంది. బిట్ పదును కొంచెం చంపి, కింద చెక్క పెట్టి, 5, 8, 10, తర్వాత 11.8 అని మెల్లగా పెంచుకుంటూ, సబ్బు నీళ్లు పోస్తూ వెయ్యాలి. ట్యాప్ అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. లేత్ మేస్త్రికి ఇలా చెప్తే నవ్వుతాడు. నవ్వనివ్వండి, మీ ముక్క మీది.

ఇంకోటి, నీళ్లని ఆపేది మర కాదు, ఫిట్టింగ్ మెడలో ఉన్న ఓరింగ్, అంటే రబ్బరు రింగు. అది షీటు ముఖానికి చదునుగా ఆనుకుంటే చాలు. చేత్తో ఆగేదాకా తిప్పి వదిలెయ్యండి. స్పానర్ డబ్బాలో పెట్టి తాళం వేసుకోండి.

పటమట_పైపులు:

లేత్ అన్నా, దండం. ఇప్పుడే బండి వేసుకుని వెళ్లి చూశా, ట్యాప్ మీద ఆర్‌సి అనే ఉంది! ఆయన తప్పేం లేదు, "పావు పైపు మర" అని అడిగింది నేనే. ఏలూరు రోడ్డులో రెండు టూల్స్ షాపులు తిరిగి జి ట్యాప్ నేనే కొనుక్కున్నా. గుంటూరు అన్నయ్య చెప్పిన పేరు పరీక్ష కూడా చేయించా, గీత పారదర్శకంగా వచ్చింది, అంటే షీటు ఎక్స్‌ట్రూడెడ్. రెండు ముక్కలూ చెత్తలోకే.

ఎయిరే చాలు బ్రో, నువ్వు చెప్పింది నిజమే కానీ ఇప్పుడు వెనక్కి వెళ్లే దశ దాటిపోయింది. రేడియేటర్లు ఎన్ని పెట్టాలి, నీళ్లు ఏవి వాడాలి, మూత ఎలా బిగించాలి? 360 సైజుది అల్యూమినియం రేడియేటర్ ఒకటి చవగ్గా దొరుకుతోంది, తీసుకోవచ్చా?

మంగళగిరి_లూప్:

ఆ అల్యూమినియం దాని వైపు చూడకు. నీ బ్లాకులు (చిప్పుల మీద కూర్చుని వేడి లాగేవి) రాగి, వాటిని కలిపే నీళ్లు ఒకటే, రెండు లోహాలు కలిస్తే లోపల చిన్న బ్యాటరీ తయారవుతుంది. ముందు తినేసేది అల్యూమినియాన్నే. రాగి, ఇత్తడి, నికెల్ పూత, ఇవే ఉండాలి లూప్‌లో.

లెక్క చెప్తా. కార్డు 320 వాట్లు, ప్రాసెసర్ గరిష్ఠంగా 142, మొత్తం 460 చిల్లర. ఫ్యాన్లు మెల్లగా తిరగాలంటే రేడియేటర్‌లో ఒక్కో 120 మి.మీ. భాగానికి (ఒక ఫ్యాను మేర) 100 వాట్లకి మించి పెట్టుకోకపోవడం మంచిది. అంటే ఐదు భాగాలు, 360వి (ఒక్కోటి మూడు భాగాలు) రెండు పెడితే కాస్త ఊపిరి ఉంటుంది. నిశ్శబ్దం కోసమే కదా చేస్తున్నావు, అక్కడ పిసినారితనం వద్దు. నీళ్లు ముందు కార్డుకి వెళ్లాలా ప్రాసెసర్‌కి వెళ్లాలా అని జనం కొట్టుకుంటుంటారు, అది పట్టించుకోకు. నిమిషానికి నాలుగు లీటర్లు తిరిగితే లూప్ మొత్తంలో ఎక్కడ కొలిచినా తేడా రెండు డిగ్రీలు దాటదు. పైపులు ఎటు అందంగా వస్తే అటు తిప్పుకో.

ఎండ సంగతి కూడా భయపడేంత లేదు. గది 38 ఉంటే నీళ్లు 48, 50 దగ్గర నిలబడతాయి. డీ5 పంపులకి 60 డిగ్రీలు హద్దు, కాబట్టి సెన్సర్ ఒకటి పెట్టి 55కి సిస్టమ్ ఆగిపోయేలా చేసుకో. గట్టి పైపులు వాడేటట్టయితే పీఈటీజీ ప్లాస్టిక్‌వి వద్దు, అది అక్రిలిక్ కంటే ముందే మెత్తబడుతుంది, మే నెలలో ఫిట్టింగ్ దగ్గర జారిందంటే మదర్‌బోర్డు మీద కృష్ణా పుష్కరాలే. నేనైతే మెత్తటి రబ్బరు పైపే వేశా, చూడ్డానికి బాగోదు, పోనీ.

మూతకి 3 మి.మీ. ఓరింగ్ తాడు వాడు. గాడి లోతు 2.4, వెడల్పు 3.8. ఓరింగ్ ఐదో వంతు నలగాలి, అంతకంటే నలిపితే షీటు వంగుతుంది. ఎం4 స్క్రూలు ఎడం మూడు సెంటీమీటర్లు మించకుండా, వాటి రంధ్రాలు 4.5. తల అడుగు చదునుగా ఉన్న స్క్రూ, కింద వాషర్. షీటులోకి దిగిపోయే కోన్ తల స్క్రూలు అందంగా ఉంటాయి కానీ అవి కూడా మేకులే, లేత్ అన్న చెప్పిన కథే మళ్లీ. పక్క పలకలకి కూడా రంధ్రాలు ఒక అర మి.మీ. వదులుగా వెయ్యి. 40 సెం.మీ. అక్రిలిక్ పలక 20 డిగ్రీలకి అర మి.మీ. పైనే సాగుతుంది, జనవరిలో బిగించింది మేలో ఉబ్బుతుంది.

నీళ్లు బ్యాటరీ షాపులో దొరికే డీమినరలైజ్డ్ వాటర్ చాలు, దానికి నాచు పట్టకుండా వేసే మందు, తుప్పు పట్టకుండా వేసే మందు. ఆల్కహాల్ ఉన్న కూలెంట్ అయితే అక్రిలిక్‌కి మళ్లీ స్పిరిట్ గోలే, సీసా మీద చదువు. మున్సిపల్ కుళాయి నీళ్లు పోస్తే బ్లాకులో తెల్ల పొర కడుతుంది.

పరీక్ష మాత్రం పంపు ఒక్కదానికే కరెంటు ఇచ్చి చెయ్యి. పవర్ సప్లయ్‌ని బోర్డు నుంచి విడదీసి, 24 పిన్నుల ప్లగ్గులో 16, 17 పిన్నులు తీగతో కలిపితే అది ఆన్ అవుతుంది. ఫిట్టింగ్‌ల కింద టిష్యూ కాగితాలు పరిచి ఒక రాత్రంతా తిప్పు. పొద్దున్నే కాగితం ముట్టుకుని చూడు, కళ్లతో చూసి సరిపెట్టుకోకు.

ఎయిరే_చాలు:

పుష్కరాలు 😂 సరే, ఓడిపోయా. కానీ దుమ్ము తుడవడానికి ఎలాగూ రెండు నెలలకోసారి ఇదంతా విప్పాలి కదా. అప్పుడు కబురు చెప్పు, వచ్చి చూస్తా.

పటమట_పైపులు:

మూడు వారాల తర్వాత వస్తున్నా. కాస్ట్ షీటు గుంటూరు అన్నయ్య దగ్గరే తెచ్చుకున్నా. ఓవెన్ పిన్ని వాళ్లది, దాని మీద 80 పెడితే లోపల 96 చూపించింది, థర్మామీటర్ లేకపోతే అయిపోయేది. ఐదు గంటలు కాల్చి, రాత్రంతా అందులోనే వదిలేశా. మరలు నేనే కొట్టుకున్నా, ఏడింటిలో ఒకటి కొంచెం వాలింది, అది కింద ఖాళీ చేసే రంధ్రం కాబట్టి బతికిపోయా. అంచులు వాటర్ పేపర్ 400, 800, 1500, 2000 నీళ్లలో తడుపుతూ రుద్ది, చివర్లో కారు పాలిష్ పెట్టా. వేళ్లు ఊడిపోయాయి.

మొదటి రాత్రి పరీక్షలో ఒక కాగితం తడిసింది. గుండె జారింది. చూస్తే నీళ్లు నింపే రంధ్రం బిరడాకి ఓరింగే పెట్టలేదు, టేబుల్ మీద ఉండిపోయింది. పెట్టాక రెండు రాత్రులు అన్నీ పొడిగానే ఉన్నాయి. నిన్న నాలుగు గంటలు రెండర్ పెట్టా, గది 35, నీళ్లు 44 దగ్గర ఆగాయి, పంపు చప్పుడు చెవి ఆనిస్తే గానీ వినపడదు.

ఒక్క సందేహం మిగిలింది. ముందు పలక మీద రేడియేటర్‌కి గాలి వెళ్లేలా పొడుగాటి సందులు కోయించాలి. లేజరా, రౌటరా (తిరిగే బిట్‌తో కోసే యంత్రం)?

షీటు_మేస్త్రి:

రౌటర్. సందు మూలలు గుండ్రంగా రావాలి, చతురస్రంగా కోస్తే పగులు మొదలయ్యేది ఆ మూలలోనే. నా దగ్గర 5 మి.మీ. కాస్ట్‌లో పెద్ద ముక్కే మిగిలి ఉంది, డ్రాయింగ్ పట్టుకుని రా. ఆదివారం మాత్రం రాకు, షాపు ఉండదు.